కామా కూడా మారని మూడు పేపర్లు

విచారణ కమిటీ మొదటి సమావేశంలోనే, ఆ కంప్యూటర్‌లో ఉన్న ఫైళ్లన్నీ ప్రింటు తీసి టేబుల్ మీద పెట్టమన్నారు. లక్షా చిల్లర ఫైళ్లు. "అన్నీనా సార్?" అని అడిగాను. "అన్నీ. పారదర్శకత ఉండాలి కదమ్మా" అన్నారు శాఖాధిపతి. పారదర్శకతకు ఎన్ని లారీల కాగితం కావాలో చెబుదామని నోటిదాకా వచ్చింది. మింగేశాను. యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్‌లో ఇరవై ఏళ్లుగా నేను ఎక్కువగా చేసింది ఆ పనే.

ఇదంతా ఎలా మొదలైందంటే, ఆ మధ్య శాఖకు బయటి నుంచి తనిఖీ బృందం వచ్చింది. శాఖాధిపతి కొత్త సూటు వేసుకుని వాళ్లకు ల్యాబు చూపిస్తున్నారు. మూలనున్న కంప్యూటర్ ముందు ఆయన దగ్గరే పీహెచ్‌డీ చేస్తున్న అబ్బాయి కూర్చుని ఉన్నాడు. నల్గొండ వైపు పల్లె, పత్తి పండించే కుటుంబం. బావుల్లో, బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కడ ఎంత పెరుగుతోందో లెక్కలు కట్టడం అతని పరిశోధన. ఆ లెక్కలకు ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. దానికి కావలసిన చిన్న చిన్న ప్యాకేజీలు ఇంటర్నెట్ నుంచి దింపుకోవాలి. ఒక్కటి దింపితే దాని వెనక మగపెళ్లివారిలా ఇంకో యాభై దిగుతాయి. దిగుతున్నంతసేపూ తెర మీద నల్లటి పెట్టెలో తెల్లటి అక్షరాలు జలజలా పరిగెడతాయి. సరిగ్గా అప్పుడే బృందంలోని పెద్దాయన ఒకరు తొంగిచూసి, "ఏంటయ్యా ఇది, హ్యాకింగా?" అని నవ్వారు. పాపం, ఆయన జోకు వేశారు. మా శాఖాధిపతికి పైవాళ్ల జోకులు జోకుల్లా వినపడవు. మర్నాటికల్లా ఆ కంప్యూటర్ డిస్కు ఊడదీశారు, విచారణ కమిటీ వేశారు.

కమిటీకి అధ్యక్షుడు శాఖాధిపతి. శాఖలో కంప్యూటర్ల మీద ఏ కమిటీ పడినా అధ్యక్షుడు ఆయనే అని నియమం. ఆ అబ్బాయికి గైడు కూడా ఆయనే. ఇంకో ఇద్దరు సభ్యులు ఉన్నారు గానీ వాళ్ల గురించి చెప్పడానికి ఏమీ లేదు, వాళ్లూ ఏమీ చెప్పలేదు. కంప్యూటర్ సంగతి తేల్చడానికి నేను. కాగితాలకూ కస్టడీకీ సెక్షన్ సూపరింటెండెంట్.

వినడానికి నవ్వులాటగా ఉంటుంది. ఆ అబ్బాయికి కాదు. అతని రిజిస్ట్రేషన్ ఆ నెలాఖరుతో అయిపోతోంది. అప్పటికే రెండుసార్లు పొడిగించారు, ఇక పొడిగించరు. ఆలోగా థీసిస్ ఇవ్వకపోతే ఏడేళ్ల చదువు బూడిదలో పోసిన పన్నీరే. థీసిస్ తీసుకోవాలంటే ముందు శాఖాధిపతి అభ్యంతరం లేదని సంతకం పెట్టాలి. విచారణ తేలేదాకా పెట్టనని ఆయన తేల్చేశారు. చేతిలో మూడు వారాలు ఉన్నాయి.

అతను నా గదికి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు. "మేడం, నేనేం చెయ్యలే. గవన్ని ప్యాకేజీలే. ఇంటికాడ చెప్పలే ఇంకా. ఈ నెలల అయిపోతదని మా అమ్మ ఊరంత చెప్పుకుంటున్నది."

"లోపలికొచ్చి కూర్చో బాబూ" అన్నాను. కూర్చోలేదు. "అవన్నీ ప్యాకేజీలేనని నాకూ తెలుసు. తెలిస్తే చాలదు, చూపించాలి. నేను చూపిస్తాగా, నువ్వు వెళ్లి థీసిస్ చూసుకో" అన్నాను. ఆ రోజు నేను కొట్టిన పోజు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

నేను చేద్దామనుకున్న పని కొత్తదేం కాదు. ఏ ఫైలుకైనా హ్యాష్ అని ఒకటి కట్టవచ్చు. ఫైలు మొత్తాన్ని ఒక లెక్కలోకి పోస్తే చివరికి అరవై నాలుగు అక్షరాలూ అంకెలూ కలిసిన వరస ఒకటి వస్తుంది. అదే ఫైలు ఎక్కడ ఉన్నా, ఏ పేరుతో ఉన్నా అదే వరస. లోపల ఒక్క కామా మారితే చాలు, వరస మొత్తం మారిపోతుంది, పాతదాని పోలిక కూడా మిగలదు. లోకంలో జనం వాడే సాఫ్ట్‌వేర్ ప్యాకేజీల ఫైళ్లకు ముందే ఇలా హ్యాష్‌లు కట్టి పెట్టిన పెద్ద జాబితాలు ఉంటాయి. మన ఫైళ్లకు హ్యాష్ కట్టి, ఆ జాబితాతో పోల్చి, కలిసినవాటిని పక్కన పెడితే, మిగిలిన కాసిని మాత్రమే మనిషి కూర్చుని చూడాల్సినవి.

మా అమ్మకు ఇది ఒక్క నిమిషంలో అర్థమైంది. తార్నాకలో మేమిద్దరమే ఉంటాం. గుంటూరు వైపు మిషను స్కూల్లో టీచరుగా రిటైరై నా దగ్గరకు వచ్చేసింది. మెట్టుగూడ చర్చిలో అందరూ వండి తెచ్చి కలిసి తినే ప్రేమవిందు అయ్యాక గిన్నెలు వేరు చేసే పని ఆవిడది. ముప్పై ఇళ్ల గిన్నెలు ఒకచోట పడతాయి. వాటి మీద పేర్లు చెక్కి ఉంటాయి గానీ అమ్మ పేర్లు చూడదు. "పేరుదేముందే! పెళ్లిలో వచ్చిన గిన్నె మీద మేనత్త పేరుంటుంది" అంటుంది. చేత్తో ఎత్తి, తిరగేసి, సొట్ట చూసి, ఇది ఫలానా వాళ్లదంటుంది. తప్పదు. ఎవరివో తెలియని నాలుగు మిగిలితే అప్పుడు వాటి సంగతి అడుగుతుంది. నేను హ్యాష్ గురించి చెప్పగానే, "అంతేగా? దీనికి కమిటీ ఎందుకమ్మాయ్?" అంది.

కమిటీకి చెప్పడానికి రెండు సమావేశాలు పట్టాయి.

"తెలిసిన ఫైలు అంటే మంచి ఫైలనేనా?" అన్నారు శాఖాధిపతి.

"కాదండీ. ఎక్కడిదో తెలిసిందని మాత్రమే. మంచీ చెడూ హ్యాష్ చెప్పదు."

"చెప్పనప్పుడు ఎందుకమ్మా మరి?"

ఇంతలో సూపరింటెండెంట్ చెయ్యెత్తాడు. గోల్నాక నుంచి స్కూటర్ మీద వస్తాడు, ముప్పై ఏళ్లలో ఒక్కరోజు ఆలస్యంగా రాలేదు, నిజాయితీపరుడు. "మేడం, మీరు చెప్తున్న లిస్టు మీద గెజిటెడ్ ఆఫీసర్ సంతకం ఉంటదా?"

ఉండదన్నాను. ఆయన చాలా జాలిగా నా వైపు చూశాడు.

ఎలాగో ఒప్పించాను. అసలు డిస్కును కవర్లో పెట్టి, లక్క సీలు వేసి, సూపరింటెండెంట్ బీరువాలో పెట్టారు. అంతకుముందే దాని నకలు ఒకటి నేను తీసుకున్నాను. ఆ నకలు మీద పని నడిపితే లక్షా చిల్లరలో ముప్పై ఏడు ఫైళ్లు మిగిలాయి. మిగతావన్నీ ఊరూ పేరూ తెలిసిన ప్యాకేజీలవే. సంతోషం పట్టలేక ఆ రోజు సాయంత్రం నడిచి వెళ్లాల్సిన ఇంటికి ఆటోలో వెళ్లాను. రెండు వారాల ముందే తేలిపోయింది కదా అనుకున్నాను. తెలివితక్కువదాన్ని.

"మీరు చేసింది నకలు మీద కదా" అన్నారు శాఖాధిపతి. "జిరాక్స్ జిరాక్సే, ఒరిజినల్ ఒరిజినలే. మా ముందు ఒరిజినల్ మీద చేసి చూపించండి."

అసలుకూ నకలుకూ హ్యాష్ ఒకటేనని, ఒకటైతే వాటిలో ఇది అసలు, ఇది నకలు అనే తేడాయే ఉండదని చెప్పాను. ఆ మాటకు ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. అటెస్టేషన్ మీద బతికే ఆఫీసులో అసలుకూ నకలుకూ తేడా లేదనడం, గుళ్లో నిలబడి దేవుడు లేడన్నట్టే. సరే, ఒరిజినల్ మీదే చేద్దామన్నాను.

ఆ రోజు సూపరింటెండెంట్ సీలు కవరు రెండు చేతులతో పట్టుకొచ్చాడు. అందరి ముందూ విప్పాం. అబ్బాయిని బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. పని నడిపాను. ముప్పై ఏడు రావాలి కదా. ఆరు వందల పైచిలుకు వచ్చింది!

శాఖాధిపతి ముఖం వెలిగిపోయింది. "చూశారా! సీలు వేసిన డిస్కులో ఫైళ్లు మారుతున్నాయంటే వీడు హాస్టల్ గదిలో కూర్చునే మార్చాడన్నమాట. ఎంత ముదురో చూడండి!" ఏ వైరూ తగిలించకుండా బీరువాలో ఉన్న డిస్కును హాస్టల్ నుంచి ఎవరు మార్చగలరండీ అంటే, "అదేగా హ్యాకింగ్ అంటే" అన్నారు. తలుపు సందులోంచి ఆ అబ్బాయి మొహం కనిపిస్తోంది. పెనం మీంచి పొయ్యిలో పడ్డానని అతనికి అర్థమైపోయింది.

ఆ ఆరు వందల్లో ఒక ఫైలు తెరిచాను. ఒక ప్యాకేజీతోపాటు వచ్చే లైసెన్సు షరతులు. ప్రపంచంలో ఎవరూ చివరిదాకా చదవని కాగితం అది. చివరిదాకా వెళ్లాను. అన్నిటికన్నా కింద, 'వెరిఫైడ్ అండ్ ఫౌండ్ కరెక్ట్' అని, పక్కనే రెండు పొడి అక్షరాలు, తేదీ. ఇంకోటి తెరిచాను. అదే. ఇంకోటి. అదే. ఆ పొడి అక్షరాలు గత ఇరవై ఏళ్లుగా నా సెలవు చీటీలన్నిటి మీదా చూస్తున్నవే.

"ఇవి మీరు రాశారా?" అన్నాను సూపరింటెండెంట్‌ను.

"అవును మేడం, నేనే" అన్నాడు ఆయన, కొంచెం గర్వంగా. "కస్టడీల పెట్టుకున్న ఐటెం వెరిఫై చెయ్యకుండ ఎట్ల పెడ్తం? రేపు ఆడిట్ వస్తే ఎవరు జవాబు చెప్పాలె? రోజూ లంచ్ టైంల, ఆఫీస్ అయినంక గూడ, సీల్ ఇప్పి, నా కంప్యూటర్‌కు తగిలించి, కూసొని, చదివి, సంతకం చేసి, మళ్ల సీల్ వేసిన. ఆరు వందలు అయినయి. ఒక్కదాంట్ల గూడ తప్పు దొరకలే."

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఒక్క కామాకే వరస మారిపోతుందని నేను రెండు సమావేశాల్లో గొంతు చించుకుని చెప్పింది ఆయన శ్రద్ధగా విన్నాడు, నోట్సు కూడా రాసుకున్నాడు. కానీ వెరిఫైడ్ అని రాస్తే ఫైలు మారుతుందని ఆయనకు తట్టనే లేదు. సరిచూశామని సంతకం చేస్తే కాగితం గట్టిపడుతుంది గానీ మారడమేంటి? ఆయన్ను తిట్టడానికి నాకు నోరు రాలేదు. రాయడానికి వీల్లేకుండా తాళం వేసి డిస్కు ఇవ్వాల్సింది నేను. సీలు ఉందిగా అని ఊరుకున్నాను.

విరుగుడు తేలికే. ఆ ఆరు వందల ఫైళ్లలో చివర ఆయన రాసిన ముక్క తీసేసి మళ్లీ హ్యాష్ కట్టాను. అన్నీ జాబితాతో కలిసిపోయాయి. కలిశాయంటే ఇక చుక్క కూడా తేడా లేనట్టే. ఆ మాటకు ఎవరి సాక్ష్యమూ అక్కర్లేదు. లెక్క మళ్లీ ముప్పై ఏడు.

"నా సంతకం తీసేసినరా మేడం?" అన్నాడు సూపరింటెండెంట్. "ముప్పై ఏండ్ల సర్వీసుల నా సంతకం ఎవ్వరు తీయలే."

శాఖాధిపతి వెంటనే ఏ నియమం కింద తీశారో రాసివ్వమన్నారు. రాశాను. దాని మీద నోటు నడిచింది, నోటు మీద వివరణ నడిచింది. చివరికి తీర్మానం చేశారు: సూపరింటెండెంట్ గారి ధ్రువీకరణ ఫైళ్లలో నుంచి తొలగించబడినప్పటికీ అమలులో ఉన్నట్టే భావించవలెను. ఈ ఒక్క వాక్యానికి వారం పట్టింది. నెలాఖరుకు ఇక తొమ్మిది రోజులు.

అప్పుడు కూర్చుని ఆ ముప్పై ఏడూ ఒక్కొక్కటే చూశాను. థీసిస్ అధ్యాయాలు. ఊళ్లవారీగా నీళ్ల కొలతల పట్టికలు. బావుల ఫొటోలు, మేనకోడలి మొదటి పుట్టినరోజు ఫొటో ఒకటి. ఇంకో ఫోల్డర్‌లో మూడు పరిశోధన పేపర్లు, వాటి చిత్తుప్రతులు. 'మొదటిది', 'రెండోది', 'ఫైనల్', 'అసలు ఫైనల్', 'సార్ చెప్పిన ఫైనల్' అని పేర్లు పెట్టుకున్నాడు పాపం. మొదటి చిత్తులో శీర్షిక, రెండు వాక్యాలు మాత్రమే ఉన్నాయి. అక్కడి నుంచి ఒక్కో మెట్టూ ఎక్కి పూర్తి పేపరైంది.

శాఖ వెబ్‌సైట్‌ను ఒకసారి ఎవరో చెడగొట్టారు కాబట్టి, అందులోని ఫైళ్లకు నేను వారం వారం హ్యాష్ కట్టి పెట్టుకుంటాను. అలవాటు కొద్దీ ఈ ముప్పై ఏడింటినీ ఆ జాబితాతో కూడా పోల్చాను. మూడు కలిశాయి. ఆ మూడు పేపర్లే. వెబ్‌సైట్‌లో తెరిచి చూశాను. రచయిత ఒక్కరే, శాఖాధిపతి. ఆ మధ్య ఆయనకు వచ్చిన పదోన్నతికి సమర్పించిన పేపర్లలో పై మూడూ ఇవే. పూలదండలు వేసినప్పుడు నేనూ చప్పట్లు కొట్టాను.

హ్యాష్ కలిసిందంటే ఏమిటో నాకు తెలుసు గనక ఒళ్లంతా భగ్గుమంది. ఆయన ఆ పేపర్లలో ఒక్క కామా కూడా మార్చలేదు. ఒక పదం కొట్టేసి ఇంకో పదం పెట్టినా వరస కలిసేది కాదు. పైన ఉన్న తన పేరు కూడా ఆ అబ్బాయి చేతే టైపు చేయించుకున్నారు! కంచే చేను మేయడం అంటారే, ఇక్కడ కంచె మేసి, ఆ చేను చేత త్రేన్పు కూడా తీయించింది.

అబ్బాయికి ఫోన్ చేసి తార్నాకలో మెట్రో స్టేషన్ కింద టీ బండి దగ్గరకు రమ్మన్నాను. చుట్టూ కోచింగ్ సెంటర్ల పిల్లలు, చేతుల్లో కరెంట్ అఫైర్స్ పుస్తకాలు. చూసింది చూసినట్టు చెప్పాను. అతను టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"ప్రమోషన్ ఫైలుకు సింగిల్ ఆథర్ కావాలన్నడు మేడం సార్. తర్వాత నీ పేరుతోటి ఇంకోటి వేద్దామన్నడు."

"వేశారా?"

"లే."

"ఇదంతా నేను రిపోర్టులో రాస్తాను."

"వద్దు మేడం!" గట్టిగానే అన్నాడు. పక్కవాళ్లు తిరిగి చూశారు. గొంతు తగ్గించాడు. "మీ కాళ్లు మొక్కుత. మీరు రాస్తే సార్ సంతకం పెడ్తడా? నెల అయిపోతది. నాకు ముందుగాల సంతకం కావాలె. న్యాయం తర్వాత చూస్కుంట. ఆ ఫోల్డరే తీసెయ్యుండ్రి."

"ఒక్క ఫైలు కూడా తీయను. అది నా చేత కాదు."

"అయితే సార్‌వే అని రాయుండ్రి. వెబ్‌సైట్ల ఉన్నయి కద. అబద్ధం గూడ కాదు."

అబద్ధం కాదన్న ఆ మాటే నన్ను ముంచింది. నిజానికి నాకు కావలసింది కూడా అలాంటి మాటే. శాఖాధిపతి ఎదురుగా కూర్చుని ఆయన పేపర్లు ఆయనవి కావని చెప్పే ధైర్యం నాకు లేదు. అబ్బాయి కోసమే రాస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. తెలిసిన ఫైళ్ల పట్టికలో చివర మూడు వరసలు చేర్చాను: మూలం, శాఖ వెబ్‌సైట్, రచయిత, శాఖాధిపతి. చిత్తుప్రతులను 'పరిశోధకుని ఇతర రాతలు' అని ఒక్క మాటలో కట్టేశాను. సంతకం చేశాను.

ఆఖరి సమావేశంలో శాఖాధిపతి ఆ పట్టిక మీద వేలు జరుపుకుంటూ వచ్చి ఆ మూడు వరసల దగ్గర ఆగారు. తర్వాత నా వైపు చూశారు. "ఇవి ఎక్కడివమ్మా?"

"మీవే సార్. వెబ్‌సైట్‌లో ఉన్నవే" అన్నాను.

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. అబ్బాయిని లోపలికి పిలిపించారు. "చూశారా, గైడు పేపర్లు దాచుకుని మరీ చదువుకునే పిల్లలు ఈ రోజుల్లో ఎక్కడున్నారు? శభాష్ రా!" అని అభ్యంతరం లేదనే కాగితం మీద అక్కడికక్కడే సంతకం పెట్టారు. అబ్బాయి "థాంక్యూ సార్" అన్నాడు. మాట్లాడని సభ్యులిద్దరూ కూడా ఆ రోజు శభాష్ అన్నారు.

కథ ఇక్కడ ఆగి ఉంటే నేను ఎలాగో సర్దుకుని బతికేదాన్ని.

థీసిస్ తీసుకునే ముందు లైబ్రరీలో దాన్ని ఒక యంత్రానికి ఇస్తారు. యంత్రమంటే సాఫ్ట్‌వేరే, మా సెంటర్ లాగిన్‌తో ఇంట్లోంచి కూడా నడుస్తుంది. ఎక్కడెక్కడి నుంచి కాపీ కొట్టారో అది పట్టి చూపిస్తుంది. మర్నాడు లైబ్రరీ నుంచి కాగితం వచ్చింది. మూడో అధ్యాయం దాదాపు మొత్తం శాఖాధిపతి గారి మూడు పేపర్ల నుంచి ఎత్తి రాసినదని తేలింది, తిరస్కరించడమైనది, అని. ఏడేళ్లు తిరిగి కొలతలు తెచ్చి తాను రాసుకున్నదాన్ని తానే దొంగిలించాడని తేల్చారు. ఆ అధ్యాయం అతని సొంత పనేనని గైడు ఒక్క వాక్యం రాసిస్తే చాలు, లైబ్రరీ ఒప్పుకుంటుంది.

శాఖాధిపతి గదికి నేనే వెళ్లాను. ఈసారి మింగలేదు. "సార్, ఆ పేపర్లు ఎవరు రాశారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. చిత్తుప్రతులన్నీ డిస్కులో ఉన్నాయి."

ఆయనకు కోపం రాలేదు. సొరుగులోంచి నా రిపోర్టు తీసి నా ముందు పెట్టారు. "నేనెలా రాసిస్తానమ్మా? ఆ మూడు ఫైళ్లూ నావేనని మీరే పరీక్షించి సంతకం పెట్టారు. మీరు మేధావులు. ఇప్పుడు కాదంటే మీ రిపోర్టు తప్పని కదా. తప్పయితే విచారణ మళ్లీ మొదటి నుంచి తెరవాలి. నెలాఖరు ఎప్పుడు?"

అయిదు రోజులే ఉన్నాయి. నా చేతులు నేనే కట్టి ఆయన చేతికిచ్చాను. "అబ్బాయికి చెప్పండి, సొంత మాటల్లో మార్చి రాసుకోమని" అన్నారు ఆయన, వెళ్తున్న నాతో, చాలా మర్యాదగా.

హాస్టల్ గదిలో కుదరడం లేదంటే మా ఇంటికి రమ్మన్నాను. తార్నాకలో మా భోజనాల బల్ల మీద నాలుగు రోజులు కూర్చున్నాడు. యంత్రానికి దొరక్కుండా, తాను రాసిన ప్రతి వాక్యాన్నీ తాను రాయనట్టుగా తిప్పి రాయడం. మా అమ్మ అన్నం పెడుతూ, "పరీక్షా నాయనా?" అంది. "అట్లాంటిదే అమ్మమ్మా" అన్నాడు. నేను ఎదురుగా కూర్చుని ఇంగ్లిష్ చూసి పెడుతున్నాను. సరిగ్గా ఉన్న వాక్యాలను వంకర చేస్తున్నాం. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోవడం లేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఒక వాక్యం దగ్గర ఆగిపోయాడు. ఇంగ్లిష్‌లోనే ఉంది గానీ చదివితే మన మాటలా వినిపిస్తుంది. ఎంత లోతుకు పోతే అన్ని నీళ్లు, అన్ని నీళ్లకు అంత విషం, అని దాని అర్థం.

"ఇది ఎట్ల మార్చాలె మేడం?" అన్నాడు. "మా నాయినది ఈ మాట. మూడో బోరు ఏసినప్పుడు గట్టు మీద కూసొని అన్నడు. నా పరిశోధనంత ఈ ఒక్క మాట కాడ్నే మొదలైంది."

ఉంచేసెయ్ అందామనుకున్నాను. యంత్రం ఆ వాక్యాన్ని ఎర్ర రంగు పూసి చూపిస్తోంది. పక్కన ఎవరి నుంచి కాపీ కొట్టాడో కూడా రాసి ఉంది. శాఖాధిపతి పేరు.

"లోతు పెరుగుటతో ఫ్లోరైడ్ సాంద్రత పెరుగుటకు అవకాశము కలదు, అని వచ్చేలా రాయి" అన్నాను.

రాశాడు. మళ్లీ యంత్రానికిచ్చాం. ఎరుపు పోయింది, ఆ వాక్యం ఎవరిదీ కాదంది. "అయిపోయింది మేడం, థాంక్యూ" అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ. నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను.